సెలవు రోజుల్లో డ్యూటీ: డబుల్ ఇస్తామన్నారు, మరి రానుపోను ఖర్చు ఎవరిది?

#1 రోస్టర్ బాధితుడు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, పొడవైతే తిట్టకండి. మాది ఇరవైనాలుగు గంటలూ నడిచే కంట్రోల్ రూమ్. వచ్చే నెల వరసగా నాలుగు రోజులు సెలవులు పడ్డాయి, అందులో మూడు రోజులు రోస్టర్‌లో నా పేరే ఉంది. రెండు రోజులు మధ్యాహ్నం షిఫ్ట్, రాత్రి 11కి వదులుతారు. మూడో రోజు తెల్లవారి 6కి ఎక్కాలి. టీమ్ లీడ్‌ని అడిగితే "డబుల్ ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి" అన్నాడు.

పోయినసారి కూడా ఇదే డబుల్. సెలవు అని బస్సులు సగానికి తగ్గించారు, రాత్రి 9 దాటాక మా వైపు ఒక్కటీ లేదు. యాప్‌లో క్యాబ్ చూస్తే మామూలు రోజుకి మూడింతలు, అదీ ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నట్టే ఉండి రెండుసార్లు క్యాన్సిల్ చేశాడు. గేటు బయట యాభై నిమిషాలు నిలబడ్డాను. ఇంటికెళ్ళి లెక్క వేసుకుంటే అదనంగా వచ్చినదాంట్లో సగం పైన బండికే పోయింది. నాకు పని చేయడానికి అభ్యంతరం లేదు, ఎవరో ఒకరు చేయాల్సిందే. కానీ బండి ఖర్చు కూడా అడగడం అత్యాశా? అడిగితే ఎలా అడగాలి?

#2 నిద్రలేదు

అడుగు తమ్ముడూ. "ఆలోచిస్తాం" అంటారు. సెలవులు అయిపోయేదాకా ఆలోచిస్తూనే ఉంటారు.

#3 లెక్కలపుస్తకం

నేను పదకొండేళ్ళుగా జీతాల సెక్షన్‌లో ఉన్నాను, అటువైపు నుంచి చెప్తాను. బండి సంగతి తర్వాత. ముందు మీవాళ్ళు "డబుల్" అన్నారు చూడండి, ఆ మాటకి అర్థం ఏమిటో రాయించుకోండి. మా సెక్షన్‌కి వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

నెల జీతం వాళ్ళకి సెలవు రోజు జీతం ఇంట్లో ఉన్నా వస్తుంది, అది నెల జీతంలో కలిసే ఉంది. కాబట్టి డబుల్ అంటే చాలా చోట్ల ఉన్న ఒకటికి తోడు ఇంకొకటి అని. ఉద్యోగి మాత్రం చేసిన పనికి రెండు, సెలవుది ఒకటి, మొత్తం మూడు అనుకుంటాడు. ఫిలిప్పీన్స్‌లో రెగ్యులర్ హాలిడే రోజు పని చేస్తే 200 శాతం, అంటే అంతా కలిపి రెండు. సింగపూర్ చట్టంలో మామూలుగా వచ్చే జీతానికి తోడు ఒక రోజు బేసిక్. న్యూజిలాండ్‌లో 2003 నాటి సెలవుల చట్టం ప్రకారం చేసిన గంటలకి ఒకటిన్నర రేటు, అది అతను ఎలాగూ పని చేసే రోజే అయితే బదులుగా జీతంతో ఇంకో రోజు సెలవు కూడా. ఇవన్నీ మన నోటిలో "డబుల్" అయిపోతాయి గానీ చేతికి వచ్చేది ఒకటి కాదు.

రెండోది, దేనికి డబుల్? బేసిక్‌కా, మొత్తానికా? మీ రోజు జీతం మొత్తం 100 అనుకోండి, అందులో బేసిక్ 40. మొత్తం మీద అయితే అదనంగా 100 వస్తుంది, బేసిక్ మీద అయితే 40. ఆ రోజు రానుపోను బండికి 30 అయింది అనుకుందాం. మొదటి పద్ధతిలో 70 మిగిలింది, రెండో పద్ధతిలో 10. ఆ 10 కోసం ఇంట్లో అందరూ ఉన్న రోజు మీరు స్క్రీన్ ముందు కూర్చున్నారన్నమాట. ఒక్క మాట, ఇక్కడ "మామూలు రోజు కూడా బస్సుకి 5 అవుతుంది కదా, అది తీసేసి 25 అనాలి" అని మీ మేనేజర్ అంటాడు. ఒప్పుకోకండి. ఇంట్లో ఉంటే ఆ 5 కూడా ఖర్చయ్యేది కాదు.

#4 రోస్టర్ బాధితుడు

అక్కా, ఇప్పుడే పాత పేస్లిప్ తీసి చూశాను. బేసిక్ మీదే కట్టారు. నేను ఇన్నాళ్ళూ మొత్తం మీద అనుకుంటున్నాను. మీరు 10 అన్నారు, నాకు అంతకన్నా కొంచెం ఎక్కువే మిగిలింది గానీ చెప్పుకునేంత కాదు.

#5 పదిమంది యజమాని

ఎదురు మాట ఒకటి చెప్తాను, కోప్పడకండి. నాది చిన్న సంస్థ, పేరుకి తగ్గట్టు పది మందే. సెలవు రోజు సర్వీస్ ఇచ్చినందుకు నా కస్టమర్ నాకు ఒక్క పైసా ఎక్కువ ఇవ్వడు. అన్ని దేశాల్లోనూ చట్టం ఇవ్వమని చెప్తోందనుకోవద్దు. అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రేటు అంటుంది, సెలవు రోజు పని చేసినంత మాత్రాన అదనంగా ఇవ్వాలని అందులో లేదు. బ్రిటన్‌లో కూడా బ్యాంక్ హాలిడే రోజు ఎక్కువ జీతం అనేది చట్టంలో లేదు, అపాయింట్‌మెంట్ కాగితంలో ఏం రాసుకుంటే అది. ఇక రవాణా అంటారా, ఇంటి నుంచి ఆఫీసుకి రావడం ఉద్యోగి బాధ్యతే అని ఎక్కువమంది యజమానులు అనుకుంటారు.

అయినా నేను ఇస్తున్నాను. మొదట అందరికీ ఒకే మొత్తం నగదు ఇచ్చాను. ఆఫీసు పక్క వీధిలో ఉండేవాడు నడిచి వచ్చి ఆ డబ్బు జేబులో వేసుకున్నాడు, ఊరి చివర నుంచి వచ్చినావిడకి అది ఒకవైపుకి కూడా సరిపోలేదు. వాళ్ళిద్దరికీ ఇప్పటికీ సరిగ్గా మాటల్లేవు. తర్వాత రసీదు చూపిస్తే ఇస్తానన్నాను. అప్పుడు ఒకాయన తన బావమరిది బండిలో వచ్చి బావమరిది రాసిచ్చిన రసీదు పెట్టాడు, అంకె చూస్తే నాకే నవ్వొచ్చింది. ఇప్పుడు దూరాన్ని బట్టి మూడు స్లాబులు పెట్టాను, రాత్రి వదిలే షిఫ్ట్‌కి మాత్రం నేనే బండి మాట్లాడతాను. డబ్బు కన్నా ఆ బండే నాకు చౌక పడింది.

#6 నిద్రలేదు

బావమరిది రసీదు 😂 మా ఆఫీసులో ఒకడు బైక్ మీద వచ్చి క్యాబ్ స్క్రీన్‌షాట్ పెట్టాడు. బుక్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, క్యాన్సిల్ చేశాడు. అప్పటి నుంచి అందరికీ బంద్. ఒక్కడు చేసిన పనికి నలభై మంది నడుస్తున్నాం.

#7 పాత కాపరి

రోస్టర్ బాబూ, అత్యాశ కాదు. నేను ముప్పై ఏళ్ళు షిఫ్టుల్లో పని చేసి, అందులో పన్నెండేళ్ళు యూనియన్ పని కూడా చూసి రిటైర్ అయినవాణ్ణి. యజమాని గారు చెప్పింది నిజమే, కానీ అది సగమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో రాత్రి పని మీద ఒక కన్వెన్షన్ (దేశాలు ఒప్పుకుని సంతకం చేసే ఒప్పందం), దానితోపాటు 178వ నంబరు సిఫార్సు తెచ్చింది. ఆ సిఫార్సులో రాకపోకల గురించి విడిగా రాశారు. షిఫ్ట్ మొదలయ్యే, ముగిసే వేళలు బస్సుల వేళలకి కుదిరేలా పెట్టమని, బస్సులు లేని చోట యజమానే అందరికీ కలిపి బండి ఏర్పాటు చేయమని, అదనంగా అయ్యే ప్రయాణ ఖర్చుకి తగిన పరిహారం ఇవ్వమని. సిఫార్సు కాబట్టి ఎవరి మెడ మీదా కత్తి పెట్టదు, పైగా అది రాత్రి పనికి సంబంధించినది, సెలవులకి కాదు. కానీ సెలవు రోజు బస్సులు లేకపోతే పట్టపగలు కూడా రాత్రి లాంటిదే కదా. మేము యాజమాన్యంతో మాట్లాడినప్పుడు ఆ మాటే అన్నాం, పని చేసింది.

దక్షిణాఫ్రికాలో 1997 చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. సాయంత్రం 6 నుంచి ఉదయం 6 మధ్య రాత్రి పని చేయించాలంటే ఉద్యోగి ఇంటికీ పని చోటికీ మధ్య రవాణా అందుబాటులో ఉండాలి అని రాసింది. "అందుబాటులో ఉండాలి" అన్నారు, "ఉచితంగా ఇవ్వాలి" అనలేదు, గమనించండి. ఆ తేడాలోనే బోలెడు వాదనలు నడుస్తాయి.

ఇంకో సంగతి. డబ్బు మాటల్లో పడి విశ్రాంతి వదిలేయకండి. అదే సంస్థ 1957లో తెచ్చిన 106వ కన్వెన్షన్ దుకాణాలు, ఆఫీసుల వాళ్ళకి వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి గురించి. తాత్కాలికంగా ఆ విశ్రాంతిని ఆపితే, అంతే సమయం తిరిగి విశ్రాంతిగా ఇవ్వాలంటుంది. అది వారాంతపు సెలవు సంగతి, పబ్లిక్ సెలవు సంగతి వేరు. కానీ మీ మూడు రోజుల్లో మీ వీక్లీ ఆఫ్ కూడా కలిసిపోయిందేమో చూసుకోండి. చాలామంది అక్కడే మోసపోతారు, రెండు సెలవులు పోయి ఒక్క డబుల్ వస్తుంది.

#8 రోస్టర్ బాధితుడు

బాబాయ్ గారూ, కలిసిపోయింది. రెండో రోజు నా వీక్లీ ఆఫ్. రోస్టర్‌లో దాన్ని చప్పుడు లేకుండా మార్చేశారు, మీరు చెప్పాక చూశాను.

#9 వార్డుదీపం

నర్సుని. మాకు ఈ చర్చే విడ్డూరం, సెలవు అనే మాటే మా క్యాలెండర్‌లో ఎర్ర రంగు తప్ప ఇంకేం కాదు. కానీ బండి విషయంలో ఒక మాట చెప్పాలి, ఎవరూ ఇటు నుంచి చూడటం లేదు.

పోయిన ఏడాది ఒక సెలవు రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ, రాత్రి 8కి నా రిలీవర్ రావాలి. రాలేదు. ఆ అమ్మాయి బస్టాప్‌లో నిలబడి గంటకోసారి ఫోన్ చేస్తోంది, అక్కా బస్సు లేదు, ఆటో వాడు రానంటున్నాడు, ఏం చేయను అని ఏడుపు. వార్డు వదిలి నేను పోలేను కదా. చివరికి మర్నాడు ఉదయం దాకా నేనే చేశాను, పద్దెనిమిది గంటలు. తెల్లవారుజామున ఒక పేషెంట్‌కి మందు మోతాదు రాసేటప్పుడు అంకె రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను. ఏమీ కాలేదు, పక్కనున్న సిస్టర్ చూసింది. కానీ ఆ కొట్టివేత ఇప్పటికీ కళ్ళ ముందుంటుంది.

ఆ అమ్మాయి మీద ఆ రోజు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఒక్క బండి పంపి ఉంటే అయిపోయేది, దానికి అయ్యే ఖర్చు నాకు ఇచ్చిన ఓవర్‌టైమ్ డబ్బులో నాలుగో వంతు కూడా ఉండదు. మా సూపరింటెండెంట్ దగ్గర ఈ లెక్కే పెట్టాను. "సిబ్బంది సౌకర్యం కోసం" అని అడిగినన్నాళ్ళు కదలని ఫైలు, "రిలీవర్ రాకపోతే ఏమవుతుంది" అని అడిగాక వారంలో కదిలింది. రోస్టర్ తమ్ముడూ, నువ్వూ అలాగే అడుగు. కంట్రోల్ రూమ్‌లో కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో రాయి.

#10 పదిమంది యజమాని

సిస్టర్ గారు చెప్పిందే నేను బండి పెట్టడానికి అసలు కారణం. మంచితనం ఏమీ లేదు. వరసగా రెండు సెలవులకి ఉదయం షిఫ్ట్ ఆలస్యంగా తెరిచాం, కస్టమర్ పోబోయాడు.

#11 స్టీరింగ్

నేను ఆ బండి నడిపేవాణ్ణి. మీరంతా సెలవు డ్యూటీకి డబుల్ కావాలి, బండి కావాలి అంటున్నారు, మంచిదే. ఆ బండి నడిపేవాడికి కూడా అదే సెలవు సారూ. మాకు ట్రిప్పు లెక్కన ఇస్తారు, మామూలు రోజు ఎంతో ఆ రోజూ అంతే. నేను రాత్రి మిమ్మల్ని దింపాక నన్ను ఇంటికి దింపేవాడు ఉండడు, బండి షెడ్డులో పెట్టి అక్కడే సీటు వాల్చుకుని పడుకుంటాను, ఎందుకంటే ఉదయం 5కి మళ్ళీ పికప్.

ఇంకో బాధ ఏమిటంటే సెలవు రోజు మనుషులు తక్కువ అని మూడు రూట్లు కలిపి ఒకే బండిలో వేస్తారు. ఎనిమిది మంది ఎనిమిది దిక్కులు. మొదటివాడు పది నిమిషాల్లో దిగుతాడు, ఆఖరివాడికి గంటన్నర. ఆ ఆఖరివాడు నన్ను తిడతాడు. రూట్ వేసింది నేను కాదు, ఆఫీసులో ఏసీ రూములో కూర్చుని మ్యాప్ మీద గీతలు గీసినాయన. ఆడవాళ్ళు ఎవరూ ఆఖరి డ్రాప్ కాకూడదని మాకు రూలు, అది సరైన రూలే, దానికోసం ఒక్కోసారి వెళ్ళిన దారినే వెనక్కి రావాల్సి వస్తుంది, ఆలస్యమైతే అర్థం చేసుకోండి. బండి అడిగేటప్పుడు "గంట లోపు అందరూ ఇంటికి చేరేలా" అని కూడా రాయండి. అప్పుడు రెండో బండి వేస్తారు, నాకూ నిద్ర దొరుకుతుంది.

#12 రోస్టర్ బాధితుడు

అన్నా, సిగ్గుగా ఉంది, ఈ సంగతి నాకు తట్టనే లేదు. పోయినసారి క్యాన్సిల్ చేసిన ఆ క్యాబ్ డ్రైవర్‌ని ఇప్పటిదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

#13 స్టీరింగ్

తిట్టుకో తమ్ముడూ, రెండుసార్లు క్యాన్సిల్ చేస్తే నేనైనా తిడతాను 🙂

#14 గేటు దగ్గర

సెక్యూరిటీ గార్డుని. ఏజెన్సీ మనిషిని. మా సైట్‌లో సెలవు రోజు స్టాఫ్‌కి వ్యాన్ పెట్టారు. నాదీ అదే టైము, అదే దారి. ఎక్కబోతే "లిస్టులో నీ పేరు లేదు" అన్నారు. వ్యాన్‌లో ఐదు సీట్లు ఖాళీ. గేటు తీసింది నేనే, వ్యాన్ బయటికి పంపి గేటు వేసి, నడుచుకుంటూ పోయాను, ఏడు కిలోమీటర్లు. డబుల్ సంగతి అడిగితే కంపెనీ వాళ్ళు ఏజెన్సీకి ఇచ్చేశామంటారు, ఏజెన్సీ వాళ్ళు కంపెనీ ఇవ్వలేదంటారు.

#15 లెక్కలపుస్తకం

గార్డు అన్నా, మీరు ఇండియాలో అయితే ఇది తెలిసి ఉండాలి. 1970 నాటి కాంట్రాక్ట్ కార్మికుల చట్టంలో కాంట్రాక్టర్ జీతం ఎగ్గొట్టినా, తక్కువ ఇచ్చినా పని చేయించుకున్న అసలు యజమాని ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి అనే రాసింది. తర్వాత వచ్చిన లేబర్ కోడ్‌లలో కూడా ఈ సూత్రం ఉంది. కాబట్టి "ఏజెన్సీకి ఇచ్చేశాం" అన్న జవాబుతో వాళ్ళ బాధ్యత తీరిపోదు. మీరు ఆ రోజు డ్యూటీ చేసినట్టు ఆధారం ఉంచుకోండి, గేటు రిజిస్టర్‌లో మీ సంతకం ఉన్న పేజీ ఫొటో చాలు. మీ చేతిలోనే ఉంటుంది కదా ఆ రిజిస్టర్.

సెలవుల జీతం సంగతికి వస్తే ఇండియాలో రాష్ట్రానికో సెలవుల చట్టం, తమిళనాడు, కేరళల్లో 1958లో, కర్ణాటకలో 1963లో, ఆంధ్రప్రదేశ్‌లో 1974లో వచ్చాయి. మొత్తం మీద వాటి దారి ఒకటే. సెలవు రోజు పని చేయిస్తే రెండింతల జీతం, లేదా జీతంతోపాటు బదులుగా ఇంకో రోజు సెలవు. 2025 చివర్లో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో డబుల్ వేరు, అది రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన ఓవర్‌టైమ్‌కి. ఈ రెండిటినీ కలిపేసి "ఏదో ఒకటే వస్తుంది" అని చెప్పే మేనేజర్లని చాలామందిని చూశాను.

#16 గేటు దగ్గర

రిజిస్టర్ ఫొటో తీశానమ్మా. థాంక్స్.

#17 ఎడారి ఎండ

గల్ఫ్ నుంచి. ఇక్కడ మాకు బండి గొడవ లేదు, క్యాంపు నుంచి సైట్‌కి కంపెనీ బస్సు, సెలవైనా సరే. గొడవ అంతా "లేదా" అనే మాటతో. ఎమిరేట్స్‌లో 2021 కార్మిక చట్టం ప్రకారం సెలవు రోజు పని చేయిస్తే బదులుగా ఇంకో రోజు సెలవు ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతంతో పాటు బేసిక్‌లో కనీసం 50 శాతం అదనంగా ఇవ్వాలి. సౌదీలో సెలవుల్లో, ఈద్ రోజుల్లో చేసిన గంటలన్నీ ఓవర్‌టైమ్ కిందే లెక్క, గంట జీతానికి తోడు బేసిక్‌లో 50 శాతం. నేను రెండు చోట్లా చేశాను. సౌదీలో డబ్బు వచ్చేది, ఇక్కడ "లేదా" వస్తుంది. మాకు డబ్బు కావాలి, వాళ్ళు సెలవు ఇస్తారు. ఆ సెలవు కూడా పని లేని రోజు చూసి ఇస్తారు, క్యాంపులో పడుకుని గోడ చూడాలి. ఇంటికి వెళ్ళే టిక్కెట్టుకి అది కలవదు.

#18 పాత కాపరి

ఎడారి బాబూ, కలవాలని అడుగు. బదులు సెలవులన్నీ వార్షిక సెలవుకి జత చేయమని రాతపూర్వకంగా అడిగితే ఒప్పుకున్న సంస్థలు ఉన్నాయి, వాళ్ళకి కూడా ఒక్కో రోజు మనిషిని తీయడం కన్నా అదే సులువు. కాంప్ ఆఫ్‌లు, అంటే ఈ బదులు సెలవులు, అన్నిటికీ ఒక జబ్బు ఉంది, గడువు. ఇండియాలో పాత ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవు పోతే ఆ నెలలో గానీ, తర్వాతి రెండు నెలల్లో గానీ బదులు ఇవ్వాలనేది. అది యజమాని ఇవ్వాల్సిన గడువు. కంపెనీల్లో దాన్ని తిరగేసి "మీరు వాడుకోకపోతే పోయింది" అంటారు. వాడుకుంటానని అడిగితే మనుషులు తక్కువ అంటారు. మా రోజుల్లో నావి పదకొండు పోయాయి, లెక్క ఇప్పటికీ గుర్తుంది.

#19 నిద్రలేదు

ఒక డౌట్. సెలవు ముందు రోజు రాత్రి 10కి ఎక్కి సెలవు రోజు ఉదయం 6కి దిగాను. మళ్ళీ సెలవు రోజు రాత్రి 10కి ఎక్కి మర్నాడు 6కి దిగాను. నాకు ఎన్ని గంటలు సెలవు డ్యూటీ?

#20 లెక్కలపుస్తకం

మంచి ప్రశ్న, చాలాచోట్ల దీని మీద రూలే రాసి ఉండదు. రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి గడియారం పద్ధతి, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. అప్పుడు మీకు మొదటి షిఫ్ట్‌లో 6 గంటలు, రెండో షిఫ్ట్‌లో 2 గంటలు, మొత్తం 8. రెండోది షిఫ్ట్ ఏ రోజు మొదలైతే ఆ రోజుదే అనే పద్ధతి. అప్పుడు మొదటి షిఫ్ట్ సున్నా, రెండో షిఫ్ట్ మొత్తం 8. చూశారా, నిజాయితీగా కడితే ఎటు చూసినా 8 గంటలే.

మోసం ఎక్కడంటే, మొదటి షిఫ్ట్‌కి "ఇది నిన్న మొదలైంది కదా" అని సున్నా వేసి, రెండో షిఫ్ట్‌కి "అర్ధరాత్రి దాటాక సెలవు అయిపోయింది కదా" అని 2 వేస్తారు. రెండు పద్ధతుల్లో తమకి కలిసొచ్చే సగం సగం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పాత షీట్‌లో ఫార్ములా అలాగే ఉంది. ఎవరైనా కావాలని పెట్టారో లేదో తెలియదు, కానీ ఆ తప్పు ఎన్నేళ్ళు ఉన్నా ఒక్కసారి కూడా ఉద్యోగి వైపు తప్పలేదు. ఒకే పద్ధతి రెండు కొసలకీ పెట్టమని అడగండి, ఏది అయినా సరే.

#21 నిద్రలేదు

నాకు 2 గంటలే వచ్చాయి. రేపు నిద్ర పోకుండా ఇదే పని.

#22 వార్డుదీపం

ఇంకోటి మర్చిపోయాను. డ్యూటీకి వస్తూ పోతూ దారిలో ఏమైనా అయితే? మా దగ్గర ఒకావిడ సెలవు రోజు బస్సు లేక ఎవరిదో బండి వెనక ఎక్కి వస్తూ పడింది, కాలు విరిగింది. ఆఫీసు వాళ్ళు "డ్యూటీలో పడలేదు కదా" అన్నారు.

#23 పాత కాపరి

అది అంత తేలిగ్గా కొట్టేయడానికి లేదమ్మా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964 నాటి 121వ కన్వెన్షన్ దారిలో జరిగే ప్రమాదాన్ని ఎప్పుడు పని ప్రమాదంగా చూడాలో ప్రతి దేశం తేల్చుకోవాలంటుంది. ఇండియాలో ఈఎస్ఐ చట్టానికి 2010లో చేసిన సవరణతో ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, దానికీ ఉద్యోగానికీ సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే చూస్తారు. ఆవిడ ఈఎస్ఐలో ఉంటే ఆ రోజు రోస్టర్, హాజరు కాగితం, ఆసుపత్రి చీటీ మూడూ జాగ్రత్త చేయమనండి. రోస్టర్ ముఖ్యం. సెలవు రోజు ఎందుకు రోడ్డు మీద ఉందో చెప్పేది అదే.

#24 రోస్టర్ బాధితుడు

అందరూ చెప్పినవి కలిపి మెయిల్ రాశాను, పంపే ముందు చూడండి.

"గౌరవనీయులైన మేనేజర్ గారికి, వచ్చే నెల సెలవుల్లో మా షిఫ్ట్ సిబ్బందికి దయచేసి అదనపు సౌకర్యంగా రవాణా కల్పించగలరని, అలాగే డబుల్ జీతం విషయంలో పెద్ద మనసుతో పరిశీలించగలరని కోరుతున్నాము."

#25 పాత కాపరి

కొట్టేయ్ బాబూ. పెద్ద మనసు ఎందుకు? పెళ్ళికి పిలుస్తున్నావా?

#26 లెక్కలపుస్తకం

😀 "సౌకర్యం" తీసేయండి. "ఏర్పాటు" అనండి. ఇలా రాయండి. ఫలానా తేదీల్లో రాత్రి 11కి వదిలే షిఫ్ట్‌లో ఇంతమంది, ఉదయం 6కి ఎక్కే షిఫ్ట్‌లో ఇంతమంది. ఆ వేళల్లో మా రూట్లలో బస్సులు లేవు. పోయినసారి ఈ కారణంగా ఉదయం షిఫ్ట్ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా చేతులు మారిందో లాగ్‌లో ఉంటుంది, ఆ అంకె పెట్టండి. బండి కావాలి, లేదా దూరాన్ని బట్టి ముందే ఒప్పుకున్న మొత్తం కావాలి. తర్వాత విడి పేరాలో డబుల్ దేని మీద, వీక్లీ ఆఫ్ మారిస్తే దానికి బదులు ఏ తేదీన, ఈ రెండు ప్రశ్నలు. జవాబు ఫలానా తేదీకి కావాలి అని ముగించండి. మీరొక్కరే కాకుండా రోస్టర్‌లో ఉన్న అందరి పేర్లూ కింద పెట్టండి.

#27 స్టీరింగ్

గంట లోపు చేరడం.

#28 గేటు దగ్గర

తమ్ముడూ, మీ గేటు దగ్గర కూడా ఆ టైముకి ఎవరో ఒకరు దిగుతారు. లిస్టులో అతని పేరు కూడా రాయి.

#29 రోస్టర్ బాధితుడు

రెండూ కలిపాను. పేరు అడిగితే మా గేటు గార్డు అన్న ముందు భయపడ్డాడు, "నా పేరు ఎందుకు సార్" అని. హౌస్‌కీపింగ్ వాళ్ళవి కూడా కలిపితే మొత్తం పద్నాలుగు మంది అయ్యారు. పంపేశాను. టెన్షన్‌గా ఉంది.

#30 రోస్టర్ బాధితుడు

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. ఏం జరిగిందో చెప్తాను.

బండి ఇచ్చారు, రాత్రి డ్రాప్‌కి రెండు, ఉదయం పికప్‌కి ఒకటే. లాగ్‌లో ఆలస్యం అంకె పెట్టాను కదా, పోయినసారి 47 నిమిషాలు, మేనేజర్ దాని గురించే ఫోన్ చేశాడు, మిగతా మెయిల్ చదివినట్టు కూడా లేడు. మధ్యాహ్నం ఎక్కేటప్పుడు మాత్రం ఏమీ లేదు, పగలే కదా అన్నారు. గార్డు అన్న, హౌస్‌కీపింగ్ వాళ్ళు వ్యాన్ ఎక్కారు. మొదటి రోజు ట్రాన్స్‌పోర్ట్ ఆయన లిస్టు చూసి నసిగాడు గానీ మెయిల్‌లో పేర్లు ఉన్నాయి కాబట్టి ఏమీ అనలేకపోయాడు. రెండో రోజు ఒక బండి రాలేదు, అందరం ఒకదాంట్లోనే, నాకు గంటా పది నిమిషాలు పట్టింది. డ్రైవర్‌ని ఎక్కడ పడుకుంటారని అడిగాను. స్టీరింగ్ అన్న చెప్పిందే చెప్పాడు.

వీక్లీ ఆఫ్ బదులు తేదీ ఇచ్చారు, తీసుకున్నాను, రోజంతా నిద్రపోయాను. డబుల్ మాత్రం బేసిక్ మీదే. "పాలసీ" అన్నారు. పాలసీ కాగితం చూపించమంటే ఇంకా వెతుకుతున్నారు.

#31 లెక్కలపుస్తకం

పేస్లిప్ వచ్చిందా? ఏ పేరుతో చూపించారు?

#32 రోస్టర్ బాధితుడు

వచ్చిందక్కా. "ఇతరములు" అని ఒకే లైను. మూడు రోజులది అంతా అందులోనే.

#33 లెక్కలపుస్తకం

విడగొట్టమని అడగండి. సెలవు డ్యూటీ ఎన్ని గంటలు, ఏ రేటు, విడి లైనుగా. "ఇతరములు"లో ఏముందో వచ్చే ఏడాది మీరూ చెప్పలేరు, వాళ్ళూ చెప్పరు.

#34 నిద్రలేదు

నా 6 గంటలు వచ్చాయి!! అరియర్స్ అని పడ్డాయి. పద్ధతి మార్చినట్టు సర్క్యులర్ మాత్రం రాలేదు, నాకొక్కడికే వేశారు. మా షిఫ్ట్‌లో మిగతా పదకొండు మందికి ఈ లింక్ పంపుతున్నాను.

#35 స్టీరింగ్

రోస్టర్ తమ్ముడూ, ఆ రెండో రోజు రాని బండి ఎందుకు రాలేదో కనుక్కున్నావా?

#36 రోస్టర్ బాధితుడు

కనుక్కున్నా అన్నా. ముందు రోజు రాత్రి 1 దాకా తిప్పి ఉదయం 5కి రమ్మన్నారట. అతను ఫోన్ ఆపేసి ఇంటికెళ్ళిపోయాడు.